నాట్ పెట్టి చూస్తే గానీ మోడల్ వెర్బ్ సంగతి బయటపడదు

ఇంగ్లీషు మోడల్ వెర్బ్స్ గురించి చెప్పే పాఠం ఏది తీసినా మొదట ఒక పట్టిక ఉంటుంది. ఎడమ పక్క కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అని తొమ్మిది మాటలు, కుడి పక్క సామర్థ్యం, అనుమతి, అవకాశం, తప్పనిసరి, సలహా అంటూ వాటి అర్థాలు, కింద ఒక్కోదానికీ ఒక్కో ముచ్చటైన ఉదాహరణ. ఆ పట్టిక మొత్తం నోటికొచ్చినవాళ్ళు కూడా పై అధికారికి ఈమెయిల్ రాయాల్సి వచ్చేసరికి మస్ట్ పెట్టాలా షుడ్ పెట్టాలా అని ఆగిపోతారు, కాసేపు నలిగి, రెండిట్లో ఏది కాస్త మెత్తగా వినిపిస్తే అది పెట్టేసి పంపేస్తారు. అది వాళ్ళ చదువు లోపం అని నేననుకోను. ఆ పట్టికే తప్పుదారి పట్టిస్తోంది. అందులో ఉండేవన్నీ ఔననే వాక్యాలు, అవీ ఇప్పటి సంగతి చెప్పే వాక్యాలు. సరిగ్గా ఆ మూలలోనే మోడల్స్ అన్నీ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. ఏది ఏమిటో తెలియాలంటే దానికి నాట్ తగిలించాలి, లేదా జరిగిపోయిన సంగతిలోకి తోసి చూడాలి. ఆ రెండు పనులూ చేయించని పాఠం ఎంత చక్కగా ఉన్నా నాకు దానిమీద నమ్మకం లేదు.

రూపం సంగతి ముందు కానిచ్చేద్దాం, అది తేలిక గనక. హి, షి పక్కన కూడా ఎస్ చేరదు, “హి కెన్” అంతే. వెనకాల టు రాదు, “మస్ట్ టు గో” తప్పు. రెండు మోడల్స్ పక్కపక్కన కూర్చోవు కాబట్టి “విల్ కెన్” అనడానికి లేదు, “విల్ బి ఏబుల్ టు” అనాలి. (స్కాట్లాండ్‌లో కొన్నిచోట్ల, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో “మైట్ కుడ్” అని రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు ఉన్నారు. అది వాళ్ళ మాండలికం, వాళ్ళ నోట అది ఒప్పే. మనం రాస్తే మాత్రం తప్పు కిందే దిద్దుతారు.)

ఎస్ ఎందుకు చేరదో ఎవరూ చెప్పరు, చెబితే బావుండేది. కెన్, మే, షల్ అన్నవి మనకు రాతలో దొరికే ఇంగ్లీషు కంటే ముందటి కాలంలో భూతకాల రూపాలు. కెన్ అంటే మొదట్లో ‘తెలుసుకున్నాను’ లాంటి మాట. తెలుసుకున్నవాడికి తెలుసు కదా, అలా అది ‘తెలుసు’ అయింది, చేయడం తెలుసు అన్నది పోనుపోను చేయగలను అయింది. వెంట్, కేమ్ లాంటి భూతకాల మాటలకి ఎస్ ఎలా చేరదో వీటికీ అలాగే చేరలేదు. పాత భూతకాలం కాస్తా వర్తమానం అయిపోయాక వీటికి మళ్ళీ కొత్త భూతకాలాలు కావలసి వచ్చాయి, అవే కుడ్, మైట్, షుడ్. మస్ట్ ఇంకా విచిత్రం. అది కూడా అలా పుట్టిన కొత్త భూతకాల రూపమే, అయితే అదీ జరిగి జరిగి వర్తమానంలో కూర్చుంది, దాని అసలు వర్తమాన రూపం కనుమరుగైంది. మస్ట్‌కి ఈ రోజు భూతకాలం లేకపోవడానికి కారణం ఇదే. అన్నట్టు కుడ్ స్పెల్లింగులో పలకని ఎల్ ఒకటుంది చూడండి, దానికి అక్కడ ఉండే హక్కే లేదు. వుడ్‌లో ఎల్ విల్ నుంచి వచ్చింది, షుడ్‌లో ఎల్ షల్ నుంచి వచ్చింది, కుడ్‌లోది మాత్రం ఆ రెండిటినీ చూసి రాతగాళ్ళు దూర్చింది.

సరే, అసలు విషయం. “యు మస్ట్ కమ్ టుమారో”, “యు హ్యావ్ టు కమ్ టుమారో”. రెండూ రేపు రావాలనే చెబుతున్నాయి. మొదటిదాంట్లో చెప్పేవాడి పట్టుదల కాస్త ఎక్కువ, రెండోదాంట్లో బయటి నియమమేదో ఉన్నట్టు ఉంటుంది, కానీ వినేవాడు చేయాల్సిన పని ఒకటే. పట్టిక కూడా రెండిటికీ ‘తప్పనిసరి’ అనే రాస్తుంది. ఇప్పుడు నాట్ పెట్టండి. “యు మస్ట్ నాట్ కమ్ టుమారో” అంటే రేపు రాకూడదు. “యు డోంట్ హ్యావ్ టు కమ్ టుమారో” అంటే రేపు రానక్కర్లేదు. ఒకటి గుమ్మం దగ్గరే ఆపేస్తుంది, ఇంకోటి నీ ఇష్టం అంటుంది. ఔను అన్నప్పుడు అన్నదమ్ముల్లా ఉన్నవి కాదు అనేసరికి బద్ధశత్రువులయ్యాయి.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, తెలుగువాడికి ఈ తేడా కొత్తదేమీ కాదు. రాకూడదు, రానక్కర్లేదు అన్నవాటిని మూడేళ్ళ పిల్లలు కూడా కలిపేసుకోరు. మన భాషలో రెండిటికీ విడివిడిగా ప్రత్యయాలున్నాయి, పొరపాటు పడే సందే లేదు. అయినా ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి “స్టాఫ్ మస్ట్ నాట్ వర్క్ ఆన్ సాటర్డే” అని నోటీసు రాసి, శనివారం సెలవు, రావాల్సిన పని లేదు అని చెప్పామనుకుంటాం. పెండింగ్ పని పూర్తి చేసుకుందామని శనివారం వచ్చినవాడు ఆ నోటీసు ప్రకారం నిబంధన ఉల్లంఘించినవాడు. రాసినవాడి ఉద్దేశం దయ, రాసింది నిషేధం. భాష రాకపోవడం వల్ల జరిగింది కాదిది. మస్ట్ ఈక్వల్ టు హ్యావ్ టు అని పట్టిక నేర్పింది, మరి రెండూ సమానమైనప్పుడు వాటికి నాట్ పెట్టినా సమానంగానే ఉండాలి కదా అని బుర్ర లెక్కవేసింది. లెక్క సరైనదే, మొదట ఇచ్చిన సమీకరణమే తప్పు. ఇంగ్లీషుకి దగ్గరి చుట్టమైన జర్మన్ వాళ్ళకీ ఇదే తంటా. మస్ట్ నాట్‌కి అచ్చు జంటలా కనిపించే వాళ్ళ మాట ‘అక్కర్లేదు’ అని చెబుతుంది, అలవాటు కొద్దీ అదే ఇంగ్లీషులో దింపేస్తే నిషేధమై కూర్చుంటుంది. చుట్టరికం కూడా కాపాడలేదు.

చిక్కు ఎక్కడుందో చూడండి. నాట్ దేన్ని పట్టుకుంటుందన్నదే ప్రశ్న. మస్ట్ నాట్‌లో అది వెనకాల ఉన్న పనిని పట్టుకుంటుంది: రాకుండా ఉండటం తప్పనిసరి. డోంట్ హ్యావ్ టులో అది తప్పనిసరితనాన్నే పట్టుకుని పీకేస్తుంది. నీడ్ నాట్ కూడా ఈ రెండో జట్టులోదే. ఒక్కో మోడల్‌కీ నాట్ ఎటు పడుతుందో చెప్పే సూత్రం ఏమీ లేదు, ఒక్కోదాన్నీ విడిగా నేర్చుకోవాల్సిందే. అందుకే మొదటి రోజు నుంచీ నాట్‌తోనే నేర్పాలంటున్నాను.

మస్ట్‌కి ఇంకో ముఖం కూడా ఉంది. తలుపు చప్పుడైతే “దట్ మస్ట్ బి హిమ్” అంటాం. ఇక్కడ తప్పనిసరి ఏమీ లేదు, అతనే అయ్యుండాలి అని ఊహ. ఈ మస్ట్‌ని కాదనాలంటే మస్ట్ నాట్ మామూలుగా పనికిరాదు, “దట్ కాంట్ బి హిమ్” అనాలి. అంటే ఒకే మస్ట్ ఆజ్ఞగా ఉన్నప్పుడు మస్ట్ నాట్ వైపు వెళ్తుంది, ఊహగా ఉన్నప్పుడు కాంట్ వైపు వెళ్తుంది. ఆజ్ఞ, ఊహ అని మస్ట్‌కి రెండు అర్థాలున్నాయని పట్టిక చెబితే చెప్పొచ్చు, కానీ అవి రెండు వేర్వేరు మాటల్లా ప్రవర్తిస్తాయని మాత్రం చెప్పదు.

మే సంగతి మరీ అన్యాయం. “షి మే నాట్ కమ్” అన్న వాక్యం ఆమె రాకపోవచ్చు అనైనా చెబుతుంది, ఆమె రావడానికి వీల్లేదు అనైనా చెబుతుంది. మాట్లాడేటప్పుడు గొంతును బట్టి తెలిసిపోతుంది గానీ కాగితం మీద గొంతు ఉండదు. కాబట్టి ఊహకైతే “మైట్ నాట్”, నిషేధానికైతే “కాంట్” గానీ “ఈజ్ నాట్ అలవ్డ్ టు” గానీ వాడేస్తే గొడవ వదిలిపోతుంది. ఇక మే, కెన్ రెండూ కూడా ఔననే వైపు ఒకటిలాగే వేషం వేస్తాయి. “ఇట్ కెన్ రెయిన్ ఇన్ జాన్యువరీ” అంటే జనవరిలో వాన పడటం అసాధ్యమేమీ కాదు, పడుతుంటుంది అని జనరల్‌గా చెప్పే మాట. రేపటి సంగతి చెప్పడానికి “ఇట్ కెన్ రెయిన్ టుమారో” అనరు, “మే” గానీ “మైట్” గానీ అంటారు. మనకు రెండుచోట్లా ‘పడొచ్చు’ ఒకటే సరిపోతుంది కాబట్టి ఈ తేడా చెవికి ఆనదు. నాట్ పెడితే ఆనుతుంది: “దిస్ మే నాట్ బి ట్రూ” అంటే నిజం కాకపోవచ్చు, “దిస్ కెనాట్ బి ట్రూ” అంటే నిజమయ్యే ప్రసక్తే లేదు. మొదటిది అనుమానం, రెండోది సవాలు.

ఇప్పుడు రెండో పరీక్ష, జరిగిపోయిన సంగతి. ఆఫీసు ఈమెయిళ్ళలో నేను ఎక్కువగా చూసే వాక్యం ఒకటుంది: “వి కుడ్ ఫిక్స్ ద ఇష్యూ.” రాసినవాళ్ళ ఉద్దేశం: కష్టపడ్డాం, సమస్య తేల్చేశాం, సంతోషించండి. అవతల చదివేవాడికి వినిపించేది: కావాలంటే మేం సమస్య తేల్చొచ్చు, తేల్చమంటారా? వాడు “ఓకే, ప్లీజ్ డు” అని జవాబిస్తాడు. ఇద్దరూ తలలు గోక్కుంటారు. కెన్‌కి భూతకాలం కుడ్ అని పట్టిక చెప్పింది నిజమే, కానీ సగమే చెప్పింది. ఒకప్పుడు ఎప్పుడూ ఉండే శక్తి గురించైతే కుడ్ సరిపోతుంది, చిన్నప్పుడు ఈదగలిగేవాడిని అన్నట్టు. ఒకానొక సందర్భంలో ప్రయత్నించి సాధించిన పనికి మాత్రం “వర్ ఏబుల్ టు” అనాలి, లేదా “మేనేజ్డ్ టు” అనాలి, లేదా హాయిగా “ఫిక్స్‌డ్” అని ఊరుకోవాలి. తమాషా ఏమిటంటే అదే పని చేతకాకపోతే కుడ్‌కి ఏ అభ్యంతరమూ లేదు, “వి కుడ్ నాట్ ఫిక్స్ ద ఇష్యూ” నూటికి నూరుపాళ్ళు సరైన వాక్యం. ఓటమికి పనికొచ్చే మాట గెలుపుకి పనికిరాదు. చూడటం, వినడం లాంటివి దీనికి మినహాయింపు, “ఐ కుడ్ హియర్ హిమ్” అంటే నిజంగానే వినిపించింది.

“మస్ట్ హ్యావ్” దగ్గర ఇంకా పెద్ద గుంట ఉంది. తెలుగులో వెళ్ళాల్సి వచ్చింది, వెళ్ళాల్సింది, వెళ్ళి ఉండాలి అని మూడు మాటలున్నాయి. మొదటిది తప్పలేదు వెళ్ళాను, రెండోది వెళ్ళుంటే బావుండేది కానీ వెళ్ళలేదు, మూడోది బహుశా వెళ్ళాడనుకుంటా. మనం పొద్దున లేచింది మొదలు వీటిని పొరపాటు లేకుండా వాడేస్తుంటాం. ఇంగ్లీషులో వరసగా అవి “హ్యాడ్ టు గో”, “షుడ్ హ్యావ్ గాన్”, “మస్ట్ హ్యావ్ గాన్”. మూడిట్లోనూ ‘ఆలి’ ఉంది, ఆలి అంటే మస్ట్ అని ఎప్పుడో ఎక్కిపోయింది, దాంతో నేను ఆ మీటింగుకి వెళ్ళాల్సింది, తప్పు చేశాను అని బాధపడేవాడు “ఐ మస్ట్ హ్యావ్ గాన్ టు దట్ మీటింగ్” అంటాడు. వినేవాడికి అర్థమయ్యేది: నేను ఆ మీటింగుకి వెళ్ళే ఉంటాను, సరిగ్గా గుర్తు లేదు. పశ్చాత్తాపం కాస్తా మతిమరుపుగా మారిపోయింది.

మే హ్యావ్, మైట్ హ్యావ్ రెండూ ఒకటే అని చాలామంది చెబుతారు, మామూలు మాటల్లో అయితే పెద్దగా తేడా లేదు కూడా. కానీ ఒక ప్రమాదం వార్త ఊహించుకోండి. “ఏ హెల్మెట్ మే హ్యావ్ సేవ్డ్ హిజ్ లైఫ్” అని ఉంది. మనిషి బతికే ఉన్నాడు, హెల్మెట్ వల్లే బతికాడేమో. “ఏ హెల్మెట్ మైట్ హ్యావ్ సేవ్డ్ హిజ్ లైఫ్” అని ఉంటే హెల్మెట్ పెట్టుకోలేదు, పోయాడు, పెట్టుకునుంటే దక్కేవాడేమో. ఒక్క మాట తేడాతో మనిషి ప్రాణమే అటూ ఇటూ అయింది. ఈ రోజుల్లో ఇంగ్లీషు పత్రికలవాళ్ళే రెండోచోట కూడా మే వేసేస్తున్నారు, దాన్ని ఇంకా తప్పనే అనాలా, భాష మారుతోందని సరిపెట్టుకోవాలా అని వ్యాకరణం చూసేవాళ్ళలో వాదన ఉంది. నేనైతే చదివేవాడు ఒక్క క్షణం కూడా మనిషి పోయాడా ఉన్నాడా అని తడుముకోకూడదనే పక్షం, మైట్ హ్యావ్‌ని వదులుకోను.

ఇక వుడ్. దీనిమీద నాకున్న కోపం కొంచెం ఎక్కువే, ముందే చెప్పేస్తున్నా. “వి వుడ్ బి సెండింగ్ ద ఫైల్ టుమారో” అని రాస్తారు. విల్ కంటే వుడ్ మర్యాదగా ఉంటుందని నమ్మకం. ఇంగ్లీషు పుట్టు భాషగా ఉన్నవాడు అది చదివి తర్వాతి వాక్యం కోసం ఆగుతాడు: పంపేవాళ్ళమే, కానీ? ఏమైంది? వుడ్ వెనకాల ఎప్పుడూ ఒక ‘అయితే’ దాక్కుని ఉంటుంది, అది వాక్యంలో కనిపించకపోతే చదివేవాడు తనే ఒకటి కల్పించుకుంటాడు. వుడ్, కుడ్ మర్యాద మాటలన్నది అబద్ధం కాదు. అడిగేటప్పుడు అవి మర్యాదే, “కుడ్ యు సెండ్ ద ఫైల్?” అంటే కాదనడానికి అవతలివాడికి చోటిచ్చినట్టు. ఆ చోటే మర్యాద. మాట ఇచ్చేటప్పుడు అదే చోటు మనకి మనం ఇచ్చుకుంటే దాన్ని మర్యాద అనరు, నసుగుడు అంటారు. మనవైపు నుంచి హామీ అయితే విల్, అంతే. ఇంకో అలవాటు, “ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్” అనడం. ఇఫ్ ఉన్న ముక్కలో వుడ్‌కి మామూలుగా పని లేదు, “ఇఫ్ ఐ హ్యాడ్ నోన్” అని, వుడ్‌ని రెండో ముక్కకి దాచుకోవాలి. అమెరికావాళ్ళు మాటల్లో అలా అంటారు కదా అంటే అంటారు, రాతలో వాళ్ళ సంపాదకులు కొట్టేస్తారు కూడా.

మర్యాద అన్నాం కాబట్టి, మోడల్స్‌లో ఎవరు ఎవరికంటే పైన ఉన్నారన్నది కూడా ఉంటుంది, దాన్ని పాఠాలు దాదాపుగా వదిలేస్తాయి. “యు మే గో” అన్నవాడు వెళ్ళడానికి అనుమతి ఇచ్చే కుర్చీలో కూర్చున్నాడు, స్నేహితుడికి ఆ మాట అంటే నవ్వుతాడు. “యు విల్ సబ్మిట్ ద రిపోర్ట్ బై ఫ్రైడే” అన్నది జోస్యం కాదు, హుకుం. మస్ట్ అంత కఠినమైన మాట కూడా “యు మస్ట్ ట్రై దిస్” అన్నప్పుడు ఆప్యాయత అవుతుంది, ఎందుకంటే లాభం వినేవాడిది. అన్నిటికంటే ప్రమాదకరమైనది “హ్యాడ్ బెటర్”. బెటర్ అని ఉంది కాబట్టి షుడ్ కంటే సౌమ్యమైన సలహా అనుకుని పెద్దవాళ్ళకి, క్లయింట్లకి “యు హ్యాడ్ బెటర్ చెక్ ద న్యూ వెర్షన్” అని రాసేవాళ్ళున్నారు. అందులో ఉన్నది బెదిరింపు: చూసుకుంటే మంచిది, లేకపోతే నీ ఖర్మ. అదే మాట మెత్తగా చెప్పాలంటే “యు మైట్ వాంట్ టు చెక్” అంటారు. మైట్ అనే అంత నీరసమైన మాట ఆ పని చేయడం వింతే గానీ, నిజంగానే చేస్తుంది.

“కెన్ ఐ” అనకూడదు, “మే ఐ” అనాలి అని పిల్లల్ని నిలబెట్టి దిద్దించడం మీద కూడా ఒక మాట. నీకు శక్తి ఉందా అని నిన్ను నువ్వే అడుగుతున్నావా అని వెటకారం చేసే మాస్టార్లు ప్రపంచంలో ఇంగ్లీషు నేర్పే ప్రతిచోటా ఉన్నారు. అనుమతి అడగడానికి కెన్ వాడటం ఇప్పటి ఇంగ్లీషులో పూర్తిగా మామూలు, మే కొంచెం లాంఛనంగా ఉంటుంది, తేడా అంతవరకే. ఆ వెటకారానికి పెట్టిన టైములో సగం మస్ట్ నాట్ మీద పెట్టుంటే ఎంతమంది బాగుపడేవారో.

మోడల్ ఎంపిక ఏ కొమ్ములు తిరిగిన పండితుడికీ తేలిక కాదనడానికి నిబంధనలు రాసేవాళ్ళని చూస్తే చాలు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు ఈ మాటలతో విసిగి 1997 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రమే విడుదల చేశారు. మస్ట్, షల్ అంటే ఖచ్చితంగా చేయాల్సిందే. షుడ్ అంటే సరైన కారణం ఉంటే పక్కన పెట్టొచ్చు, కానీ పక్కన పెడితే ఏమవుతుందో పూర్తిగా తెలుసుకుని పెట్టాలి. మే అంటే పూర్తిగా మీ ఇష్టం. అంత చేసినా, మామూలు వాక్యంలో మామూలుగా వచ్చిన షుడ్ కూడా ఇదేనా అన్న అనుమానం మిగిలింది, దాంతో 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చి పెద్దక్షరాల్లో రాస్తేనే ఆ ప్రత్యేకార్థం అని తేల్చింది. ఐఎస్‌ఓ ప్రమాణాల దారి వేరు. అక్కడ తప్పనిసరికి షల్ వాడాలి, దాని బదులు మస్ట్ వాడకూడదు. అమెరికా ఫెడరల్ సివిల్ కోర్టు నిబంధనల్ని తిరగరాసినప్పుడు సరిగ్గా దీనికి ఎదురు చేశారు. 2007 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆ కొత్త రూపంలో షల్‌ని ఏరి పారేసి, ఒక్కోచోట సందర్భం చూసి మస్ట్, మే, షుడ్ వేసుకుంటూ పోయారు, కారణం షల్ అంటే ఏమిటో ఖచ్చితంగా చెప్పలేకపోవడం. ఒకే మాటకి ఒకచోట పట్టాభిషేకం, ఇంకోచోట దేశబహిష్కారం.

షల్‌కి ఈ గతి ఇప్పుడు పట్టింది కాదు. 1653లో జాన్ వాలిస్ అనే గణితవేత్త ఇంగ్లీషు వ్యాకరణం ఒకటి లాటిన్‌లో రాస్తూ, ఐ, వి పక్కన షల్ అంటే జరగబోయేది చెప్పడం, విల్ అంటే మాటివ్వడం లేదా బెదిరించడం, మిగతావాళ్ళకి దీనికి తలకిందులు అని సూత్రం కట్టాడు. తర్వాతి వ్యాకరణాలు దాన్ని పట్టుకుని ఎంత దూరం వెళ్ళాయంటే, నీళ్ళలో పడ్డ విదేశీయుడు “ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మి” అని అరిస్తే, పాపం చావాలని నిశ్చయించుకున్నాడు కాబోలని గట్టు మీదివాళ్ళు మర్యాదగా చూస్తూ నిలబడ్డారని ఒక పాత జోకు పుట్టింది. ఈ సూత్రం ఇప్పుడు ఎవరూ పాటించరు, మీరూ నేర్చుకోకండి. “షల్ వి గో?” అని అడగడానికి షల్ ఉంచుకుంటే చాలు. 1961 నాటి ఇంగ్లీషు రచనల్ని ఓ ముప్ఫై ఏళ్ళ తర్వాతి రచనలతో పోల్చి చూసిన జెఫ్రీ లీచ్ అనే భాషావేత్తకి షల్, మస్ట్, మే మూడూ తగ్గిపోతూ కనిపించాయి. మాటల్లో వాటి చోట్లోకి హ్యావ్ టు, నీడ్ టు లాంటివి చేరుతున్నాయి. మంచిదే. హ్యావ్ టుకి భూతకాలం ఉంది, నాట్ పెడితే ఎటు పోతుందో తెలుసు, కొత్తగా నేర్చుకునేవాడికి మస్ట్ కంటే అదే నమ్మకమైనది.

కొన్ని మాత్రం ఏ పరీక్షకీ లొంగవు, ఉన్నవి ఉన్నట్టు గుర్తుపెట్టుకోవాలి. “ఐ కుడ్ నాట్ అగ్రీ మోర్” అంటే ఒప్పుకోను అని కాదు, ఇంతకంటే ఒప్పుకోవడం నావల్ల కాదు, అంటే నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటున్నాను. మీటింగులో ఎవరైనా ఆ మాటంటే వాదనకి దిగకండి. “యు కాంట్ బి టూ కేర్‌ఫుల్” కూడా అంతే, జాగ్రత్త ఎంత పడ్డా ఎక్కువ కాదని. “ద కార్ వోంట్ స్టార్ట్” అన్నప్పుడు వోంట్ భవిష్యత్తు చెప్పడం లేదు, కారు ఇప్పుడే మొండికేసిందని చెబుతోంది.

మరి నేర్చుకోవడం ఎలా అంటే, కొత్త మోడల్ కనిపించినప్పుడల్లా దాని అర్థం రాసుకోవడం మానేసి నాలుగు వాక్యాలు రాసుకోండి: మామూలుది, నాట్ పెట్టినది, హ్యావ్ పెట్టి వెనక్కి తోసినది, రెండూ కలిపినది. నీడ్ తీసుకుంటే “యు నీడ్ నాట్ హ్యావ్ కమ్” దగ్గరకి వచ్చేసరికి అది ‘అక్కర్లేకపోయినా వచ్చావు’ అని చెబుతుందని, “యు డిడ్ నాట్ నీడ్ టు కమ్” మాత్రం వచ్చావో లేదో చెప్పకుండా వదిలేస్తుందని మీకే తెలుస్తుంది. ఇక రాసింది పంపే ముందు మోడల్స్ మాత్రం వెతికి ఒక్కోదాన్నీ విడిగా చూడటం మంచి అలవాటు, ఎందుకంటే గ్రామర్‌చెక్ “మస్ట్ టు గో” కింద గీత గీస్తుంది గానీ “వి కుడ్ ఫిక్స్” కింద ఏ గీతా గీయకపోవచ్చు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పేం లేదు మరి.

ఆ వెతుకులాటలో ఎక్కువగా దొరికేది షుడ్. సాఫ్ట్‌వేర్ పత్రాల్లో “ద సర్వర్ షుడ్ రీస్టార్ట్ ఆటోమేటికల్లీ” లాంటి వాక్యాలు కుప్పలుగా ఉంటాయి. రీస్టార్ట్ అయ్యేలా మీరు కట్టాలి అని షరతా? మామూలుగా అయితే అవుతుంది, చూద్దాం అని ఆశా? షుడ్‌లో రెండూ ఉన్నాయి. టెస్టర్ మొదటి అర్థం తీసుకుని, రీస్టార్ట్ కాలేదని బగ్ రాస్తాడు, డెవలపర్ రెండో అర్థం తీసుకుని, కావాలి కానీ కాలేదు, నేనేం చేయను అంటాడు. మస్ట్ అని రాసి ఉంటే షరతు, విల్ అని రాసి ఉంటే హామీ, గొడవ ఎటో ఒకటు తేలేది. రాసినవాడు ఏది అనుకుని రాశాడో వాణ్ణే అడగాలి, వాడేమో ఈపాటికి ఇంకో కంపెనీలో చేరి అక్కడ పత్రాలు రాస్తుంటాడు.